కాల్పుల విరమణ రోజుల్లో మా సారు గన్‌మెన్ల ఫైలు

2004 ఎన్నికల్లో మా సారు ఓడిపోయారు. ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్లూ ఆయనకు టూ ప్లస్ టూ గన్‌మెన్లు ఉండేవాళ్లు. అంటే ఇద్దరు డ్యూటీలో ఉంటే ఇద్దరు రిలీఫ్‌లో ఉంటారు. ఫలితాలు వచ్చాక అది వన్ ప్లస్ వన్ అయింది. అదీ రివ్యూ అయ్యేదాకానే అన్నారు. ఆ రివ్యూ పని నా నెత్తిన పడింది. నేను ఆయన పీఏని. ఆయన పేరు, పార్టీ, నియోజకవర్గం ఇక్కడ రాయను. నల్లమల అంచు మండలాలు కొన్ని మా కిందికి వచ్చేవని చెబితే చాలు. సారు ఇప్పుడు లేరు. పిల్లలెవరూ రాజకీయాల్లోకి రాలేదు. అందుకే ఇన్నేళ్లకు ఈ సంగతులు రాస్తున్నాను.

ఓడిపోగానే ఆదర్శ్‌నగర్ ఎమ్మెల్యే క్వార్టర్స్ ఖాళీ చేసి వనస్థలిపురంలో అద్దె ఇంటికి మారాం. అప్పట్లో వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్, సైదాబాద్ వైపు వీధికొక మాజీ సర్పంచో, మాజీ ఎంపీపీయో కనిపించేవాడు. ఊళ్లో మేడ ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. ఇక్కడ రెండు గదుల పోర్షన్‌లో కాలం గడుపుతుంటాడు. ఏ ఊరని పక్కింటివాళ్లు అడిగితే జిల్లా పేరు చెప్పి ఊరుకుంటాడు. పత్రికల జిల్లా ఎడిషన్లలో చిన్న చిన్న ప్రకటనలు వచ్చేవి, ఫలానా నేను నేటి నుంచి ఫలానా పార్టీకి రాజీనామా చేస్తున్నాను, ఇకపై నాకు రాజకీయాలతో సంబంధం లేదు అని. పార్టీ ఆఫీసులో ఇస్తే సరిపోయే రాజీనామాను డబ్బు కట్టి పేపర్లో వేయించుకునేవాళ్లు, అడవిలో ఉన్న నక్సలైట్లు చదవాలని.

మా సారు అలాంటి ప్రకటన ఇవ్వలేదు. కానీ ఆయన మనసులో నక్సలైట్ల దాడుల లెక్క ఒకటి నడుస్తూ ఉండేది. 1999 ఏప్రిల్‌లో మాజీ స్పీకర్ శ్రీపాదరావు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఎస్సార్‌నగర్ చౌరస్తాలో పట్టపగలు ఐపీఎస్ ఆఫీసర్ ఉమేశ్‌చంద్ర. 2000 మార్చిలో మంత్రి మాధవరెడ్డి, ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర. ఘట్‌కేసర్ అడవిలో లేదు కదా, ఉప్పల్ దాటి కొంచెం ముందుకు పోతే వస్తుంది. 2003 అక్టోబర్ 1న అలిపిరి. ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్‌కే దిక్కు లేకపోతే మనకేం దిక్కు అని ఆ రోజు సారు చాలాసార్లు అన్నారు.

ఈ లెక్కకు రెండో పక్క కూడా ఉంది. సారు దాన్ని ఎన్నడూ లెక్కపెట్టలేదు, నేను మాత్రం మనసులో పెట్టుకునేవాణ్ని. 1997 ఏప్రిల్‌లో గద్దర్ మీద అల్వాల్‌లో ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒక బుల్లెట్ ఒంట్లోనే ఉండిపోయింది. 2000 నవంబర్‌లో పౌరహక్కుల నాయకుడు పురుషోత్తంను హైదరాబాద్‌లోనే నరికి చంపారు. ఏడాది తిరక్కముందే నల్లగొండలో మరో పౌరహక్కుల నాయకుడు ఆజం అలీని చంపారు. ఆ చంపినవాళ్ల మీద ఎవరెవరికి ఏయే అనుమానాలుండేవో అప్పటి పేపర్లు చదివినవాళ్లకు తెలుసు.

మేలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌తో చర్చలు జరుపుతామన్నది కాంగ్రెస్ ఎన్నికల హామీ. 2002లో ఒకసారి ప్రయత్నం జరిగి మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి ఈసారి కూడా అంతేలే అనుకున్నాం. కానీ జూన్‌లో కాల్పుల విరమణ వచ్చింది. జూలైలో నిషేధం గడువు అయిపోతే ప్రభుత్వం పొడిగించలేదు. హోంమంత్రి జానారెడ్డి. పీపుల్స్‌వార్ తరఫున ప్రతినిధులుగా వరవరరావు, గద్దర్, కల్యాణరావు. మధ్యలో రాకపోకలు సాగించింది ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక వాళ్లు. ఒంట్లో బుల్లెట్ పెట్టుకున్న మనిషి శాంతి మాట్లాడడానికి సెక్రటేరియట్ మెట్లు ఎక్కుతున్నాడంటే నాకు లోపల కొంత సంబరంగానే ఉండేది. సారు ముందు చెప్పేవాణ్ని కాదు.

బయటివాళ్లకు అర్థం కాని విషయం ఒకటుంది. కాల్పుల విరమణతో మా ఇంట్లో భయం పెరిగింది. అంతకుముందు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుసు. ఊళ్లో రాత్రి పడుకోకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. మట్టిరోడ్డు మీద కల్వర్టు వస్తే, రోడ్ ఓపెనింగ్ పార్టీ, అంటే మందుపాతరలు వెతికే పోలీసులు, కింద చూసి చెయ్యి ఊపేదాకా బండి ఆపాలి. పెళ్లికి పోతే తాళి కట్టకముందు పోయి రావాలి, లేకపోతే మరుసటి వారం పోవాలి. ఎస్సై ఫోన్ చేసి ఈ వారం మీ మండలంలో దళం తిరుగుతోంది, రావద్దు సార్ అనేవాడు. రావద్దంటే మానేసేవాళ్లం.

విరమణ వచ్చాక ఎస్సై ఫోన్లు ఆగిపోయాయి. అడవిలో కూంబింగ్, అంటే గాలింపు లేదు. పోలీసులు స్టేషన్ దాటి పెద్దగా బయటికి రావడం లేదు. దళాలు మాత్రం ఊళ్లలోకి వచ్చి సభలు పెడుతున్నాయి. జూలై చివర అమరుల వారంలో మా మండలాల్లో ఊరూరా స్తూపాలు లేచాయి. పోలీసులు అన్నల మీద కాల్చరు, అన్నలు పోలీసుల మీద కాల్చరు. మరి ఏళ్ల తరబడి అన్నల హిట్‌లిస్టులో ఉన్న రాజకీయ నాయకుడు ఎవరి కిందికి వస్తాడు? విరమణ ఆయనకు వర్తిస్తుందా? దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు లేరు. సారు ఈ ప్రశ్న జిల్లాలో ఒక పెద్ద పోలీసు అధికారిని అడిగితే, మీరు కొన్నాళ్లు హైదరాబాద్‌లోనే ఉండండి సార్ అన్నాడట. ఉండనే ఉన్నాంగా!

సరే, దరఖాస్తు. గన్‌మెన్ల కోసం ఫలానా ఫారం అంటూ మాకెవరూ ఇవ్వలేదు. నాయకుడి లెటర్‌హెడ్ మీద రాసుకోవడమే. దానికి జతచేయాల్సినవి ముఖ్యం. గతంలో వచ్చిన బెదిరింపు లేఖల జిరాక్సులు, పోస్టర్ల ఫొటోలు, వాటి మీద పెట్టిన కేసుల ఎఫ్ఐఆర్ కాపీలు, పత్రికల కటింగులు. మా దగ్గర ఇవన్నీ ఒక రేకుపెట్టెలో ఉండేవి. ఎర్ర సిరాతో రాసిన లేఖలు, అట్టముక్క మీద అతికించిన పోస్టరు, దానికి ఇంకా ఎండిన మైదా. ఒక లేఖలో సారు పేరులోనే తప్పుంది. ఎవరో ఆకతాయి రాశాడేమోనని అప్పట్లో అనుకున్నాం. అయినా దాన్ని కూడా జత చేశాను.

రాయడం దగ్గర సారుతో నాకు రోజూ తగువే. నేను భయాందోళనలతో బతుకుతున్నాము అని రాస్తే కొట్టేశారు.

"ప్రాణహాని ఉన్నదని రాయి. భయమని రాయకు."

"రెండూ ఒకటే కదా సార్."

"నీకు ఒకటే. రేపు ఈ కాగితం ఎవని చేతికన్న చిక్కి పేపర్ల పడ్డదనుకో, జనం ముందర నా ముఖం ఎట్ల పెట్టుకోవాలె?"

ఇంకో ఇబ్బంది. రాష్ట్రమంతా శాంతి చర్చల ముచ్చట నడుస్తుంటే మేం అదనపు గన్‌మెన్లు అడిగితే, చర్చలు చెడాలని కోరుకుంటున్నాడంటారు. నిజంగానే ఒక నాయకుడి గురించి అట్లా రాశారు కూడా. అందుకని సారు మొదటి పేరాలో శాంతి ప్రక్రియను తాను హృదయపూర్వకంగా స్వాగతిస్తున్నానని రాయించి, రెండో పేరాలో గన్‌మెన్లు తగ్గించవద్దని రాయించారు. మొదటి పేరా అబద్ధం కాదు. ఊళ్లో సొంతింట్లో ఒక్క రాత్రి పడుకోవాలని ఆయనకంటే ఎక్కువ కోరుకున్నవాళ్లు తక్కువ.

దరఖాస్తు జిల్లాకు పోతుంది. స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఎంక్వైరీ చేసి ప్రాణహాని ఎంత ఉందో రిపోర్టు రాస్తారు. దాన్ని ఎస్పీ పైకి పంపుతాడు. హైదరాబాద్‌లో ఇంటెలిజెన్స్ వాళ్లు తమ సమాచారంతో పోల్చి చూస్తారు. సెక్యూరిటీ రివ్యూ కమిటీ కూర్చుని ఉంచాలో, పెంచాలో, తీసేయాలో చెబుతుంది. చెప్పడానికి ఇంతే. ఎంక్వైరీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. చాయ్ తాగి, నోట్‌బుక్ తెరిచి, మొదటి ప్రశ్న వేశాడు.

"లాస్ట్ లెటర్ ఎప్పుడొచ్చింది సార్?"

"పోయిన ఏడాది."

"ఈ జూన్ తర్వాత ఏమన్నా వచ్చిందా? ఫోన్ గానీ, కబురు గానీ?"

రాలేదు. నిజంగానే రాలేదు. ఆయన అదే రాసుకున్నాడు. సారు ముఖం ఎర్రబడింది. "ఏం ఇన్‌స్పెక్టర్, మాధవరెడ్డికి లెటర్ రాసి చెప్పి పెట్టిన్రా మందుపాతర?" అన్నారు. ఇన్‌స్పెక్టర్ తల దించుకుని, నేను రాసేది నాకు దొరికిన ఆధారం మీద సార్ అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన రాయాల్సిన కాగితంలో బెదిరింపుకు గడి ఉంది. బెదిరింపు ఆగిపోవడం వల్ల పుట్టే భయానికి గడి లేదు. రిపోర్టు ఎట్లా వచ్చిందో తర్వాత తెలిసింది. ప్రస్తుత పరిస్థితుల్లో నిర్దిష్టమైన ముప్పు కనిపించడం లేదు, పరిస్థితి మారితే పునఃపరిశీలించవచ్చు అని.

అక్కడి నుంచి నగరంలో ఒక ఆఫీసు చుట్టూ తిరగడం మొదలైంది. ఏ ఆఫీసో అనవసరం. వరండాలో బెంచీ ఉండేది. ఆ బెంచీ మీద నాకు కనిపించిన మనుషుల గురించి మాత్రం చెప్పాలి.

సగం మంది దర్పం కోసం వచ్చేవాళ్లు. తెల్ల సుమో, ముందు సీట్లో కార్బైన్ పట్టుకున్న సఫారీ కానిస్టేబుల్ ఉంటే చాలు, సెటిల్‌మెంట్లలో మాట చెల్లుతుందని వాళ్ల లెక్క. ఒక రియల్ ఎస్టేట్ ఆయన తన మీద తానే పోస్టర్ వేయించుకున్నాడని బెంచీ మీద అందరికీ తెలుసు. ఇలాంటివాళ్ల వల్లే లోపలున్న ఆఫీసర్లకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాదు. నిజంగా ప్రాణం అరచేతిలో పెట్టుకున్నవాడు, పెళ్లిళ్లలో గొప్ప చూపించుకోవాలనుకునేవాడు ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఒకే రకం దరఖాస్తు పట్టుకుని ఉండేవాళ్లు. వాళ్లను వేరు చేసే పని ఎంత కష్టమో నాకు అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

ఆ బెంచీ మీద ఒక లొంగిపోయినాయన పరిచయమయ్యాడు. దళంలో ఏళ్లు పనిచేసి, జబ్బుపడి బయటికి వచ్చాడు. నగరంలో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మన్. తన భద్రత సంగతి తేల్చమని అడగడానికి వచ్చాడు. ఇల్లు మార్చుకుంటే చెప్పమన్నారట పోలీసులు. చెబితే అడవిలోకి తెలుస్తుందేమోనని అతని అనుమానం. చెప్పకపోతే పోలీసులకు అనుమానం. "మీ సారుకు ఒక్క దిక్కెల్లే భయం అన్నా. నాకు నాలుగు దిక్కులు" అన్నాడు. చర్చలు నెగ్గాలని ఆ బెంచీ మీద మనస్ఫూర్తిగా కోరుకున్నది అతనొక్కడే అనుకుంటాను. చర్చలు నెగ్గితే తనలాంటివాళ్ల పాత లెక్కలు కూడా మాఫీ అవుతాయని అతని ఆశ. అతనికి ఏమైందో తెలియదు. తర్వాత కనిపించలేదు.

ఇక మా గన్‌మెన్ల సంగతి. గన్‌మన్ కూడా భయపడతాడని రాజకీయ నాయకులు మరిచిపోతారు. ఆర్మ్‌డ్ రిజర్వ్ నుంచి వచ్చిన కుర్రాడొకడు నాతోపాటు మేడ మీద గదిలో పడుకునేవాడు. కొత్తగా పెళ్లయింది. "సారు మీద కోపంతోని వచ్చేటోడు ముందుగాల నన్నే కాలుస్తడు. నేను పోయినంకనే సారు" అనేవాడు నవ్వుతూ. విరమణ కాలంలో వాడికి ఇంకో చిక్కు వచ్చింది. ఊళ్లోకి పోయినప్పుడు తుపాకులతో దళం ఎదురైతే ఏం చేయాలి? కాల్చకూడదు కదా. చేతిలో ఉన్నదాన్ని చూపించాలా, దాచాలా? హెడ్‌క్వార్టర్స్‌లో అడిగితే సందర్భాన్ని బట్టి నడుచుకొమ్మన్నారట. సందర్భం వచ్చేసరికి మనం ఉంటామా అన్నా అని నన్ను అడిగాడు. ఆ ప్రశ్న సారు దాకా చేరవేయలేదు నేను.

సెప్టెంబర్ చివర నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో వాళ్ల సభ జరిగింది. బషీర్‌బాగ్, అబిడ్స్ ఎర్రజెండాలతో నిండిపోయాయి. అక్టోబర్ రెండో వారంలో ప్రకాశం జిల్లా చిన్న ఆరుట్ల దగ్గర నల్లమల నుంచి పీపుల్స్‌వార్ రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ బృందం బయటికి వచ్చింది. గుంటూరు జిల్లా గుత్తికొండ బిలంలో సభ పెట్టి, అక్కడి నుంచి హైదరాబాద్ వచ్చారు. సారు టీవీ ముందు నుంచి లేవలేదు. భుజాన ఏకే-47లతో నడిచి వస్తున్నవాళ్లలో ఆయన ముఖాలు వెతుకుతున్నారు. "ఈ పిల్లగాడు మన మండలపోడే" అన్నారొకసారి. నాకూ అట్లాగే అనిపించింది. పేరు మాత్రం ఇద్దరం పలకలేదు.

రామకృష్ణ, సుధాకర్, గణేశ్, ఇంకో నక్సలైట్ పార్టీ జనశక్తి తరఫున అమర్, రియాజ్. అయిదుగురికీ మంజీరా గెస్ట్‌హౌస్‌లో బస. చర్చలకు ముందురోజే పీపుల్స్‌వార్, ఎంసీసీఐ (మావోయిస్ట్ కమ్యూనిస్ట్ సెంటర్ ఆఫ్ ఇండియా) కలిసి మావోయిస్టు పార్టీ అయిందని ప్రకటించారు. సారు నన్ను పిలిచి, ఊరికే పోయి చూసిరా అన్నారు. ఊరికే కాదని నాకు తెలుసు. ఏదో ఒక దారిన, తన పేరు ఇంకా లిస్టులో ఉందో లేదో కనుక్కోవాలని ఆయన ఆశ. అట్లా రాయబారాలు పంపిన నాయకులు ఉన్నారని అప్పట్లో గుసగుసలు వినపడేవి.

పోయాను. గెస్ట్‌హౌస్ ముందు జాతర. పోలీసు బందోబస్తు లోపలా బయటా. ఏళ్ల తరబడి తుపాకులు పట్టుకుని వీళ్ల కోసం వెతికిన శాఖే ఇప్పుడు వీళ్లకు కాపలా కాస్తోంది. మాకు ఒక గన్‌మన్‌ను ఉంచాలా వద్దా అని నెలలుగా ఆలోచిస్తున్న శాఖ కూడా అదే. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నిజానికి లోపలున్న అయిదుగురి పరిస్థితి మా సారు పరిస్థితిలాంటిదే. చర్చలు అయ్యాక తిరిగి అడవికి క్షేమంగా చేరతామా, వెనకాల ఎవరైనా వస్తారా అన్నది వాళ్ల దిగులు. ఊరికి పోయి క్షేమంగా తిరిగి వస్తానా అన్నది మా సారు దిగులు. ఇద్దరూ నమ్మాల్సింది మాత్రం ఒకే పోలీసు మాటను.

గేటు బయట జనం వరసల్లో ఉన్నారు, చేతుల్లో అర్జీలు. భూమి తగాదాలు, పట్టాలు, పెన్షన్లు, ఎన్‌కౌంటర్లో పోయిన కొడుకు శవం ఎక్కడ పెట్టారో చెప్పమని ఒకామె. కలెక్టర్ ఆఫీసులో తేలనివన్నీ ఇక్కడికి వచ్చాయి. ఆ వరసలో మా మండలం పెద్దామె ఒకామె నన్ను గుర్తుపట్టింది.

"ఏం బిడ్డా, మీ సారు గిట్ల వచ్చిండా ఏంది?"

"లేదవ్వా, నేనే చూద్దామని వచ్చిన."

"మంచిగయింది. ఈ కాయితం చదువు, సక్కగ రాసిండో లేదో."

చదివాను. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని ఊరి పెద్దమనిషి ఒకాయన దున్నుకుంటున్నాడని ఫిర్యాదు. ఆ పెద్దమనిషి మా పార్టీవాడే, ఎన్నికల్లో మాకు బూత్ చూసుకున్నవాడే. ఇదే భూమి మీద ఆమె సారు దగ్గరికి కూడా వచ్చింది, నేనే చూద్దాంలే అవ్వా అని పంపాను. కాగితం బాగానే రాశాడవ్వా అని ఇచ్చేశాను. సారు అడిగించమన్న మాట ఎవరినీ అడక్కుండా సిటీబస్ ఎక్కి వచ్చేశాను. జనం బాగా ఉన్నారు సార్, లోపలికి పోనియ్యలేదు అని చెప్పాను. ఆ అవ్వ సంగతి కూడా చెప్పాను. సారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి, ఆ భూమి వదిలెయ్యి అన్నారు. వదిలేశాడు. భయం వల్ల జరిగిన మంచి పని అది ఒకటి నాకు తెలుసు.

అక్టోబర్ 15 నుంచి 18 దాకా జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థలో చర్చలు జరిగాయి. భూముల పంపిణీ మీద చాలా మాట్లాడుకున్నారు. పీటముడి మాత్రం ఆయుధాల దగ్గర పడింది. ఆయుధాలతో ఊళ్లలోకి రావద్దని ప్రభుత్వం, ఆయుధాలు దించడం కుదరదని వాళ్లు. పేపర్లలో దీన్ని సిద్ధాంతం గొడవలా రాశారు. మా ఇంట్లో అది సిద్ధాంతం కాదు. ఆయుధంతో దళం ఊళ్లో ఉంటే సారు ఊరికి పోలేడు. ఆయుధం దించేసి వాళ్లు ఊళ్లో ఉంటే, పోలీసుల నుంచి వాళ్లను ఎవరు కాపాడతారు? 1999 డిసెంబర్‌లో పీపుల్స్‌వార్ అగ్రనేతలు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ ఎన్‌కౌంటర్లో ఎట్లా పోయారో వాళ్లూ మరిచిపోలేదు. వాళ్ల చేతిలో తుపాకీ ఉంటే ఎదుటివాడికి నిద్ర పట్టదు, దించితే వాళ్లకు నిద్ర పట్టదు. రెండో విడత చర్చలు జరుగుతాయన్నారు. జరగలేదు.

నవంబర్, డిసెంబర్ అంతా ఎవరి మీద ఎవరు మాట తప్పారన్న ప్రకటనలే. మా ఫైలు కదల్లేదు. కమిటీ కూర్చోలేదని ఒకసారి, కూర్చుంది గానీ మీది రాలేదని ఒకసారి చెప్పారు. జనవరి మొదటి పక్షంలో వరస ఎన్‌కౌంటర్లు జరిగాయి. జనవరి మధ్యలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నట్టు ప్రకటించారు. అదే నెల 24న అనంతపురంలో పార్టీ ఆఫీసులోనే పరిటాల రవిని చంపారు. దానికి అడవితో సంబంధం లేదు, అది వేరే కక్ష. కానీ తన భద్రత గురించి ఆయన ముందే మొత్తుకున్నారన్న మాట అందరి నోళ్లలో నానింది. రాష్ట్రంలో గన్‌మెన్ల ఫైళ్లన్నీ ఒక్కసారి కదిలాయి.

మాదీ కదిలింది. ఫిబ్రవరిలో ఎస్పీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, టూ ప్లస్ టూ శాంక్షన్ అయింది, మనుషుల్ని పంపుతున్నాం అని. ఎనిమిది నెలలు కదలని కాగితం వారంలో వచ్చేసింది. ఆర్డర్ చేతికి వచ్చాక సారు దాన్ని రెండుసార్లు చదివి, "యుద్ధం వచ్చింది కాబట్టి ఇచ్చిన్రు" అన్నారు. నిజమే. పోలీసులకు యుద్ధంలో ఎవరిని ఎట్లా కాపాడాలో తెలుసు. ఆ పని అలవాటే. సగం శాంతిలో ఏం చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. మాకూ నేర్పలేదు.

ఎస్సై ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. ఈ వారం రావద్దు సార్. చెబితే నమ్మరు గానీ, ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడింది.

జూలై 1న జనశక్తి రియాజ్ చనిపోయాడు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు, పౌరహక్కుల వాళ్లు పట్టుకుని చంపారన్నారు. గెస్ట్‌హౌస్‌లో పోలీసు కాపలాలో కూర్చుని అర్జీలు తీసుకున్న అయిదుగురిలో ఒకడు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని కొడుకుతో సహా కాల్చి చంపారు. ఇది మావోయిస్టుల పని. ఆయన గన్‌మన్ కూడా పోయాడని టీవీలో చెబుతుంటే మా ఇంట్లో డ్యూటీలో ఉన్న కుర్రాడు లేచి బయటికి పోయాడు. రెండు రోజుల తర్వాత ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది. ఆ నెలాఖరుకే మహబూబ్‌నగర్‌లో పౌరహక్కుల కార్యకర్త కనకాచారిని చంపారు. దానికి నల్లమల నల్లత్రాచులమని ఎవరో పేరు పెట్టుకుని ప్రకటన ఇచ్చారు.

ఆ కుర్రాడు సెప్టెంబర్‌లో బదిలీ అడిగాడు. సారు ఆపలేదు, సిఫార్సు లెటర్ నాతోనే రాయించారు. వాడికి పాప పుట్టింది.

ఆ తర్వాత నాలుగైదేళ్లకు నల్లమల నుంచి దళాలు దాదాపు లేకుండా పోయాయి. ఒక రివ్యూలో, సారుకు ప్రస్తుతం ఎవరి నుంచీ ముప్పు లేదు, గన్‌మెన్లను ఉపసంహరించవచ్చు అని రాశారు. ఆ కాగితం వచ్చిన రోజు పండగ చేసుకుంటారనుకున్నాను. సారు అన్నం తినలేదు.

"ముప్పు లేదని రాసిన్రంటే ఏందిరా? ఇగ నేను లీడర్ను కాదనే కదా?"

అప్పీల్ రాయమన్నారు. నేను రేకుపెట్టె తెరిచి పాత దరఖాస్తు తీశాను. శాంతి ప్రక్రియను స్వాగతిస్తున్నానన్న మొదటి పేరా తీసేసి, తేదీ మార్చి టైపు చేయించాను. రిజెక్ట్ అయింది.